దేవుడి గదిలో గప్పీ చేప

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ మాటలు లేవు. జగ్గయ్యపేటలో మేమున్న వీధిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. రెండిళ్ల మధ్య నడుమెత్తు పిట్టగోడ, దాని కింద ఇద్దరి వాడకం నీళ్లూ పోయే ఒక కాలువ. ఆ కాలువ ఎవరి జాగాలో ఉందన్న దగ్గర మొదలైన తగాదా నేను పుట్టేనాటికే ముదిరిపోయింది. మా నాయనమ్మ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, అవసరం ఉన్నా లేకపోయినా, గట్టిగా కాండ్రించి ఉమ్మేది. అటునుంచి బకెట్‌ని గచ్చు మీద ఎత్తి కొట్టిన చప్పుడు వచ్చేది. రెండిళ్లకూ పలకరింపు అదే.

పక్కింటివాళ్లు సాయిబులు. ఆయన లారీ డ్రైవరు, నెలలో పది రోజులు ఇంటి పట్టున ఉంటే గొప్ప. ఆవిడ జాకెట్లు కుట్టేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూది పట్టుకుని ఉన్నట్టు బిగించిన నోటితో ఉండేది. ఆమె నవ్వగా నేను చూడలేదు. వీధిలో మిగతా పిల్లలు ఆమెను అత్తా అని పిలిచేవారు. నేనూ మనసులో అత్త అనే అనుకునేదాన్ని గానీ, పైకి పిలవడానికి మా ఇంట్లో అనుమతి లేదు.

ఆమె పెరట్లో ఒక సిమెంటు గాబు ఉండేది. వాళ్లాయన ఎప్పుడో కలకత్తా లోడుకు వెళ్లినప్పుడు నూనె డబ్బాలో నీళ్లు పోసి చిన్న చిన్న చేపలు తెచ్చి అందులో వదిలాడు. గాబులో దోమ పిల్లల్ని తింటాయని తెచ్చాడట. అవి గప్పీలు. ఆ పేరు నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. మగవాటికి విసనకర్రల్లాంటి తోకలు, ఎరుపూ నారింజా నీలమూ కలిసిన చుక్కలు. ఆ గాబు నిండా పచ్చగా నాచు పెరిగి ఉండేది. ఆమె లోపల మిషను తొక్కుతున్నంతసేపూ నేను పిట్టగోడకు కడుపు ఆనించి వేలాడి, నాచు సందుల్లోంచి తోకలు తళుక్కుమనడం చూస్తూ ఉండేదాన్ని. మిషను చప్పుడు ఆగగానే దిగి పారిపోయేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

నాన్న మిర్చి కమిషన్ కొట్లో పని చేసేవారు. పని మీద బెజవాడ వెళ్లొచ్చేవారు. నేను చేపల కోసం పెట్టిన పోరు పడలేక ఒకసారి ఒక చిన్న గాజు తొట్టీ, ప్లాస్టిక్ సంచీలో ఆరు గప్పీలూ తెచ్చారు. బస్సులో నిలబడి, ఆ సంచీని ఎవరి మోచెయ్యీ తగలకుండా ఎత్తి పట్టుకుని నందిగామ దాటించారట. నేను గంతులేస్తూ తొట్టి కడిగి, అప్పుడే వచ్చిన కుళాయి నీళ్లు నింపి చేపల్ని వదిలాను. ఆ వారం కుళాయి నీళ్లు బ్లీచింగ్ పౌడరు వాసన కొడుతున్నాయి. ఆ వాసనకు మేం ముక్కు మూసుకున్నామే గానీ, చేపలు ఏం మూసుకుంటాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సాయంత్రానికి ఆరూ వెల్లకిలా తేలాయి.

నాయనమ్మ ఆలోచించడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. "మధ్యాహ్నం పక్కింటిది బట్టలారేస్తూ గోడ మీంచి చూసింది. చూసి కళ్లతోనే చంపింది" అంది.

నేను నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది. నా తప్పేమీ లేకుండా పోయింది, పైగా నా దుఃఖానికి ఒక ముఖం దొరికింది.

రెండోసారి నాన్న తెచ్చినప్పుడు అమ్మ బోరింగు నీళ్లు పోయించింది. ఎందుకలా చేసిందో చెప్పలేదు. మా ఇంట్లో నాయనమ్మ ఉండగా అమ్మ కారణాలు చెప్పేది కాదు. ఈసారి చేపలు బతికాయి. తొట్టిని వెనక వసారాలో, పిట్టగోడకు దగ్గరగా ఉన్న అరుగు మీద పెట్టాం. వేసవి సెలవుల్లో ఒక పొద్దున లేచి చూస్తే నీళ్లలో జీలకర్ర గింజంత పిల్లలు, ఒక్కోదానికి రెండేసి నల్లటి కళ్లు. లెక్కపెడితే ఎనిమిది. నేను వీధంతా పరుగెత్తి చెప్పి వచ్చాను. సాయంత్రానికి రెండు మిగిలాయి. మర్నాడు ఒక్కటీ లేదు.

పదిరోజులకు ఇంకో చేప ఈనింది. అప్పుడూ అంతే. మూడోసారీ అంతే. చచ్చిన పిల్ల ఒక్కటి కూడా నీళ్లలో కనిపించేది కాదు. అదే మా ఇంట్లో అందరినీ భయపెట్టింది. చస్తే శవం ఉండాలి కదా.

మూడోసారి పిల్లలు మాయమైన రోజు నాయనమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని కళ్లు తుడిచి మెల్లగా అడిగింది. "నిజం చెప్పు తల్లీ. ఆవిడ చెయ్యి మన తొట్టి మీదికి రావడం నువ్వు చూశావా?"

ఆమె చెయ్యి నేను చూసిన మాట నిజమే. తడి దుప్పటి పిండి గోడ మీద వేస్తున్నప్పుడు చూశాను. తొట్టికి ఆ చెయ్యి రెండు బారల దూరంలో ఉంది. నాయనమ్మ అడిగిన తీరులో మాత్రం ఆ దూరానికి చోటు లేదు. నేను తల ఊపాను. "చూశా" అన్నాను.

ఇంతకాలం నా జీవితంలో నేను పలికిన అబద్ధాలన్నిటిలో అదే పొట్టిది.

మర్నాడు పొద్దున వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లంతా బిందెలతో నిలబడి ఉన్నప్పుడు, పక్కింటి అత్త తన వంతు వచ్చి బిందె పెడుతుండగా, నాయనమ్మ అందుకుంది. మా నాయనమ్మ గొంతు గరికపాడు చెక్‌పోస్టు దాకా వినబడుతుందని మా నాన్నే నవ్వుతూ అనేవారు. ఆ రోజు నవ్వులాట కాదు. పసిపిల్ల ముచ్చటపడి పెంచుకునే చేపల తొట్టిలో మందు కలిపిందనీ, మూడు కాన్పుల పిల్లల్ని మాయం చేసిందనీ, చేపపిల్లల మీదే ఇంత కక్ష ఉన్నదానికి మనుషుల పిల్లల మీద ఎంతుంటుందనీ అంది. చివర్లో నా భుజం పట్టుకుని ముందుకు తోసి, "నా మనవరాలు కళ్లారా చూసింది. అడగండి" అంది.

ఎవరూ అడగలేదు. అయినా నేను తల ఊపాను.

పక్కింటి అత్త నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. కొలత తీసుకుంటున్నట్టు పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

మాట పడినంత తేలిగ్గా పోదు. ఆ వేసవిలో పై వీధిలో ఒక పెళ్లి ఉంది. పెళ్లివారి జాకెట్లన్నీ ఆమె దగ్గరే ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంటావిడ వచ్చి, కత్తిరించని గుడ్డలన్నీ తిరిగి మూటగట్టుకుని పోవడం నేను గోడ పక్క నుంచి చూశాను. "శుభకార్యం కదమ్మా, ఏమనుకోకు" అంటోంది ఆవిడ. పక్కింటి అత్త ఏమీ అనుకోలేదో, అనుకున్నది చెప్పలేదో, గుడ్డలు లెక్కచూసి ఇచ్చి తలుపు వేసుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నాలు గోడ అవతల మిషను చప్పుడు వినబడటం మానేసింది. ఆ చప్పుడు ఆగితే పారిపోవడం అలవాటైన నాకు, అసలు లేకపోతే ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

అలా వారం గడిచాక ఒకరోజు ఎండెక్కాక ఆమె మా వీధి గుమ్మం ముందుకు వచ్చింది. నాకు తెలిసి అదే మొదటిసారి. మెట్టెక్కలేదు. చేతిలో ఖాళీ హార్లిక్స్ సీసా, పెద్దది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"పెద్దమ్మా, మీతో మాట్లాడ్డానికి రాలేదు. ఒక మాట చెప్పి పోదామని వచ్చా" అంది.

నాయనమ్మ కత్తిపీట జరిపింది గానీ తలెత్తలేదు.

"మీ తొట్టిలో చూలు చేప ఉండుంటది. దాన్ని ఈ సీసాలో వెయ్యండి. మీ నీళ్లే పోసుకోండి. సీసా తీసుకెళ్లి మీ దేవుడి గదిలో పెట్టుకోండి. తాళం వేసి చెవి మీ బొడ్లోనే దోపుకోండి. అక్కడికైతే నా చెయ్యి రాదుగా? నా చూపూ రాదు."

"దేవుడి గదిలో చేపనా?" నాయనమ్మ లేచి నిలబడింది.

"మీ దేవుడు ఒకప్పుడు చేపైనాడంటారు. ఏం కాదులెండి."

నాయనమ్మ ముఖం ఎర్రబడింది. కానీ ఆమె బుర్ర ఎంత చురుకైనదో నాకు తెలుసు. ఆ బేరంలో తనకే లాభం కనబడింది. దేవుడి గదిలో పిల్లలు బతికితే అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? "పిల్లలు బతికాయంటే ఊరంతా చాటింపు వేయిస్తా" అంది.

"వేయించండి. బతక్కపోతే?"

నాయనమ్మ మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. పక్కింటి అత్త ఆమెను వదిలేసి నా వైపు తిరిగింది. పొట్ట గుండ్రంగా కాక పెట్టెలా పలకలు దేరి, తోక మొదట్లో మచ్చ బాగా నల్లబడిన ఆడచేపను పట్టమంది. "నువ్వేగా సాక్షివి. నువ్వే కూర్చుని చూడు. రెప్పెయ్యకుండా చూడు. ఏం కనబడితే అది చూడు, మీ నాయనమ్మ చెప్పింది కాదు." ఆ మాటలు అనేటప్పుడు ఆమె గొంతులో పిల్లతో మాట్లాడుతున్న మెత్తదనం రవ్వంత కూడా లేదు. సీసా మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

అలా ఒక గప్పీ చేప మా దేవుడి గదికి వచ్చింది. పటాల ముందు పీట మీద సీసా, మూతికి పలచటి గుడ్డ. నాయనమ్మ పొద్దున పూజ చేసుకున్నాక నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు గొళ్లెం పెట్టేది. అన్నానికి తీసేది. మళ్లీ పెట్టేది. రెండు రోజులు ఏమీ జరగలేదు. అగరొత్తుల బూడిద రాలడం, చేప అడుగున బరువుగా నిలబడి మొప్పలాడించడం, ఇంతే. ఒక వస్తువును అంతసేపు చూడటం నాకు అదే మొదలు.

మూడో రోజు పొద్దున్నే, నాయనమ్మ నన్ను లోపల పెట్టి పూజకు పూలు కోయడానికి వెళ్లగానే, ఈనింది. చేప ఒళ్లు ఒక్కసారి వణికింది. ఒక చిన్న ఉండ జారి కింద పడింది. అడుగుకు చేరే లోపే అది విప్పుకుని, తోక ఆడించి, పైకి ఈదడం మొదలుపెట్టింది. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇంకొకటి పడింది. ఇంకొకటి. తల్లి మెల్లగా తిరిగి మొదటి పిల్ల దగ్గరికి వెళ్లింది. ముద్దు పెట్టుకోవడానికి వెళ్లినట్టే వెళ్లింది. పిల్ల లేదు.

నాకు అర్థం కాలేదు. నోట్లో దాచుకుందేమో, మళ్లీ వదులుతుందేమో అనుకున్నాను. రెండో పిల్ల గాజుకు ఆనుకుని నిలబడి ఉంది. దాని రెండు కళ్లూ నాకు స్పష్టంగా కనబడుతున్నాయి. తల్లి వచ్చి దాన్నీ తీసుకుంది. నీళ్లలో నలుసు లేదు, నెత్తురు లేదు. మిగతా పిల్లలు దాక్కోవడానికి ఆ సీసాలో గాజు తప్ప ఏమీ లేదు. నేను తలుపు మీద దబదబా బాదాను.

నాయనమ్మ గొళ్లెం తీసి, చేతిలో పూలతోనే వచ్చి నా పక్కన వంగింది. ఆఖరి పిల్లను ఆమే చూసింది. అది సీసా చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూడోసారి తిరగలేదు.

నాయనమ్మ నోట్లోంచి "రామ రామ" అన్న మాట మాత్రం వచ్చింది. తర్వాత ఆమె ముఖంలో ఏదో మూసుకుపోయింది. పూలు పటాల మీద గబగబా వేసి, సీసా తీసి నా చేతిలో పెట్టి, "దీన్ని తొట్టిలో పోసెయ్. ఈనలేదని చెప్పు. ఎవరడిగినా అంతే" అంది.

"నాయనమ్మా, పక్కింటి అత్త..."

"ఈనలేదు" అంది. అంతే.

మా నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నిద్ర మానుకుని నా కాళ్లు పట్టింది ఆమే. కానీ అరవై ఏళ్ల మనిషికి, కుళాయి దగ్గర అంతమంది ముందు అన్న మాట తప్పని తేలడం కంటే, ఇంకో ఇంట్లో మిషను ఆగిపోవడమే తేలికగా కనబడింది.

ఆ సాయంత్రం సీసా చేతిలో పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి పక్కింటి అత్త గోడ దగ్గరే నిలబడి ఉంది. కాచుకుని ఉందనుకుంటాను.

"ఈనిందా?"

"లేదు" అన్నాను.

ఆమె సీసా వైపు చూసింది. చేప పొట్ట లోపలికి లాక్కుపోయి, ఒళ్లు సగమై ఉంది. అది చెప్పడానికి చేపలు పెంచినవాళ్లే కానక్కర్లేదు. ఆమె సీసా మీంచి చూపు తీసి నా కళ్లలోకి చూసింది.

"నువ్వు కూడానా" అంది. లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఎన్ని రోజులు ఊరుకున్నానో సరిగ్గా గుర్తులేదు. వారమో, పది రోజులో. అన్నం తింటూ ఉంటే ఆ రెండు మాటలు వినబడేవి. తొట్టి వైపు వెళ్లాలంటే భయమేసేది. ఆ తల్లి చేప మామూలుగా, ఏమీ జరగనట్టు, నేను చిటికె వేస్తే మేత కోసం పైకి వచ్చేది. అది తెలియక చేసింది. నేను తెలిసే చేశాను. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ తేడా అర్థం కాదనుకోకండి. మాటల్లో చెప్పలేకపోతుంది, అంతే.

చివరికి ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తున్న వేళ, వీధిలోంచి చుట్టూ తిరిగి వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లాను. ఆమె మిషను ముందే కూర్చుని ఉంది. మిషను మీద గుడ్డ లేదు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. సీసాలో చూసింది చెప్పాను, చెయ్యి చూశానన్నది అబద్ధమని చెప్పాను, నాయనమ్మ ఈనలేదని చెప్పమన్నదని కూడా చెప్పేశాను. ఆమె ఓదారుస్తుందనీ, కనీసం లోపలికి రమ్మంటుందనీ అనుకున్నాను.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావ్?" అంది. "నాకు తెలీదా? నా గాబులో చేపలు నాలుగేళ్ల నించీ ఈనతన్నయ్యి. తినేస్తయ్యని నాకు తెలీదా? నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదా?"

నేను వెక్కుతూ నిలబడ్డాను.

"ఆ రోజు నువ్వు తల ఊపింది ఎక్కడ?"

"కుళాయి దగ్గర."

"మరిక్కడికొచ్చి ఏడుస్తావేం? ఎక్కడన్నావో అక్కడ చెప్పు. ఎవరి ముందన్నావో వాళ్ల ముందు చెప్పు. ఇక్కడ చెప్తే నీ బరువు దిగుద్ది. నాదేం దిగదు. పో."

తలుపు నా ముఖం మీదే వేసింది.

మర్నాడు పొద్దున నాయనమ్మ కంటే ముందే చెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. అందరూ వచ్చేదాకా ఆగాను. పెళ్లి ఇంటి ఆవిడ వచ్చింది. నాయనమ్మ వచ్చింది. అన్నిటికన్నా చివర పక్కింటి అత్త వచ్చి, ఎప్పట్లాగే అందరికీ ఎడంగా నిలబడింది. నీళ్లు వదిలారు. మొదటి బిందె కింద ధార పడుతున్న చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ గట్టిగా అరిచాను.

"పక్కింటి అత్త మా తొట్టిలో ఏం కలపలా. నేను చూశానన్నది అబద్ధం. పిల్లల్ని తల్లి చేపే తినేసింది. మా దేవుడి గదిలోనే తినేసింది. నేను చూశా. మా నాయనమ్మ కూడా చూసింది."

ఆఖరి మాట అనాలని అనుకుని వెళ్లలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఎవరో "ఛీ, కన్నతల్లి తింటుందా ఎక్కడైనా" అన్నారు. ఎవరో నవ్వారు. నాయనమ్మ బిందె వదిలేసి వచ్చి నా చెంప మీద కొట్టింది. ఆమె నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర. చెయ్యి పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను. పక్కింటి అత్త తన బిందె కుళాయి కింద పెడుతోంది. నా వైపు చూడలేదు. పెళ్లి ఇంటి ఆవిడ మాత్రం తన కాలి బొటనవేలు వైపు చూస్తోంది.

నాయనమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, జడ వేసేది, మాట్లాడేది కాదు. పక్కింటి మీద కక్ష ఆమె పోయేదాకా పోలేదు. ఇంకొంచెం గట్టిపడింది కూడా. ఒకరు తప్పు చేశారన్న కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో గానీ, మన తప్పును వాళ్లు చూశారన్న కోపం చల్లారదు.

పెళ్లి జాకెట్లు పక్కింటి అత్త దగ్గరికి తిరిగి రాలేదు. అప్పటికే వేరేచోట ఇచ్చేశారు. కానీ వర్షాలు మొదలై బళ్లు తెరిచేనాటికి గోడ అవతల మిషను చప్పుడు అప్పుడప్పుడూ, తర్వాత రోజూ వినబడింది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పిట్టగోడ మీద తడి గోనెగుడ్డలో చుట్టిన పచ్చటి నాచు కనబడింది. అటువైపు ఆమె గాబులో చెయ్యి పెట్టి ఏదో సర్దుతోంది. నా వైపు తిరక్కుండానే మాట్లాడింది.

"ఇది తొట్టిలో దట్టంగా వెయ్యి. పిల్లలు దూరతయ్యి, తల్లికి అందవు. కుళాయి నీళ్లు పట్టగానే పొయ్యొద్దు, రెండ్రోజులు బకెట్లో ఎండకి పెట్టు. తొట్టి నీళ్లు మొత్తం ఒక్కసారి మార్చొద్దు, పావొంతే తియ్యి. మేత చిటికెడుకి మించి వేశావంటే మిగిలింది కుళ్లిద్ది." కాస్త ఆగి, "మళ్లీ చచ్చినయ్యని నా మీద పడొద్దు" అంది.

అది కోపంగానే అంది. కోపం తగ్గిందని నేను ఈనాటికీ అనుకోను. ఆమె నన్ను క్షమించినట్టు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె చెప్పినట్టే చేశాను. ఆ తర్వాతి కాన్పులో పదకొండు పిల్లలు నాచులోంచి ఎదిగిన తోకలతో బయటికి వచ్చాయి.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నందిగామలో ఉంటున్నాను. ఇంట్లో ఏడు తొట్లున్నాయి. నాలుగింట్లో గప్పీలు, మూడింట్లో డిస్కస్ చేపలు. డిస్కస్ అంటే పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉండే పెద్ద చేప. దాని పిల్లలు పుట్టిన రోజుల్లో తల్లిదండ్రుల ఒంటికి ఊరే జిగురునే తిని బతుకుతాయి. ఇరవై ముప్పై పిల్లలు తల్లి పక్కలకు అంటుకుని కొరుక్కు తింటుంటే, తల్లి కదలకుండా నిలబడుతుంది. అలిసిపోతే ఒక్క విదిలింపుతో పిల్లల్ని తండ్రి వైపు పంపుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు తొట్టి ముందు కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చుండిపోయాను.

రెండేళ్ల కిందట ఒకాయన దగ్గర్నుంచి మంచి డిస్కస్ జంట తెప్పించుకున్నాను. వారం తిరక్కుండానే రెండూ నల్లబడి, మూలకు చేరి, మేత ముట్టడం మానేశాయి. చేపలు పెంచేవాళ్లం ఒక వంద మందిమి ఫోన్‌లో ఒక గ్రూపుగా ఉంటాం. జబ్బు చేపలు అంటగట్టాడని ఆయన పేరుతో సహా ఆ గ్రూపులో రాశాను. కోపంగా రాశాను, బాగా రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆయన దగ్గర చేపలు చెప్పిపెట్టుకున్నవాళ్లు ఇద్దరు వద్దనుకున్నారు. మర్నాడు నీళ్లు మారుస్తూ తొట్టిలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అది చలికాలం. నీళ్లు వెచ్చగా ఉంచే హీటరుకు లైటు వెలుగుతోంది గానీ పని చెయ్యడం లేదు. డిస్కస్‌కు గోరువెచ్చటి నీళ్లే ప్రాణం. వారం రోజులుగా వాటిని చలిలో పెట్టింది నేను.

కొత్త హీటరు పెట్టి మెల్లగా వేడి పెంచితే ఒకటి తేరుకుంది, ఒకటి పోయింది. ఆయనకు విడిగా ఫోన్ చేసి క్షమించమని అడగడం చాలా తేలిక. నంబరు తీశాను కూడా. నొక్కలేదు. గ్రూపు తెరిచి, నేను రాసిన మాట కిందే, తప్పు నాదేననీ, హీటరు చూసుకోలేదనీ, ఆయన చేపల్లో ఏ జబ్బూ లేదనీ, ఆయన పేరుతో సహా రాశాను. వద్దనుకున్న ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి మరీ చెప్పాను. ఇంత వయసు వచ్చాక ఇదేం పనని ఒకరిద్దరు వెక్కిరించారు. ఆయన మూడు రోజుల తర్వాత "చూశానమ్మా" అని ఒక్క ముక్క రాశారు. అంతకుమించి నేను ఎదురుచూడలేదు కూడా.

ఇప్పటికీ ఎవరినైనా ఒక మాట అనబోతే, అది నాలుక చివరికి వచ్చాక, రేపు ఇదే చోట, ఈ మనుషుల ముందే నిలబడి దీన్ని వెనక్కి తీసుకోవాల్సి వస్తే తీసుకోగలనా అని చూసుకుంటాను. చాలాసార్లు మాట అక్కడే ఆగిపోతుంది. కొన్నిసార్లు ఆగదు, అనేస్తాను. అప్పుడు మాత్రం వేరే గుమ్మాలు వెతుక్కోను. ఎక్కడన్నానో అక్కడికే నడుస్తాను.